మజ్జ దాటని తెల్లకణాలు

పుట్టుకతోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కొరవడిన పిల్లలకు చిన్న పుండు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఆ కొరతకు మూలం కణంలో ఎక్కడుందో తేలితేనే వైద్యానికి దారి దొరుకుతుంది.

స్వీడన్ ఉత్తర కొసన నార్‌బోటెన్ ప్రాంతం. దగ్గరి బంధుత్వాలున్న కుటుంబాల్లో పసిపిల్లలు చీముగడ్డలతో, జ్వరాలతో చనిపోతుంటే డాక్టర్ రోల్ఫ్ కోస్ట్‌మన్ వాళ్ల వంశవృక్షాలను పరిశీలించారు. పిల్లల రక్తంలో న్యూట్రోఫిల్స్ దాదాపు లేవు. తల్లిదండ్రులు మాత్రం ఆరోగ్యంగానే ఉన్నారు. అమ్మ నుంచీ నాన్న నుంచీ లోపమున్న జన్యువు అందిన బిడ్డకే ఈ జబ్బు వస్తుందని 1956లో ఆయన వివరంగా ప్రచురించారు.

పుడుతున్నాయి, ఎదగడం లేదు

బ్యాక్టీరియా చొరబడితే ముందుగా ఎదుర్కొనేవి న్యూట్రోఫిల్సే. మైక్రోలీటరు రక్తంలో ఇవి సాధారణంగా 1500కు పైగా ఉంటాయి. 500 కన్నా తగ్గితే కొరత తీవ్రమైనట్టు. ఇలాంటి పిల్లల ఎముక మజ్జలో కణాల పుట్టుక ఆగదు. ప్రోమైలోసైట్ అనే తొలి దశకు చేరాక చాలావరకు అక్కడే చనిపోతాయి.

ఎందుకని? ఒక కారణం ఇది. ఆ దశలోనే కణం ఎలాస్టేజ్ అనే ఎంజైమును తయారుచేసుకుంటుంది. దాని సూచనలుండే ఎలేన్ జన్యువులో మార్పు వస్తే ప్రొటీన్ సరిగ్గా మడతపడదు. వంకరపోయిన ప్రొటీన్ పేరుకుపోయి, ఆ ఒత్తిడి తట్టుకోలేక కణం తనను తానే అంతం చేసుకుంటుంది. ఎలాస్టేజ్ అసలే లేని ఎలుకల్లో న్యూట్రోఫిల్స్ మామూలుగానే ఎదుగుతాయి. అంటే హాని చేసేది ఎంజైము లేకపోవడం కాదు, వికృతంగా తయారవడం. అందుకే ఇక్కడ జన్యువు ప్రతుల్లో ఒక్కటి చెడినా చాలు.

కోస్ట్‌మన్ చూసిన కుటుంబాల్లోని లోపం వేరు. 2007లో పరిశోధకుడు క్రిస్టాఫ్ క్లైన్ బృందం దాన్ని హాక్స్1 జన్యువులో గుర్తించింది. ఈ జన్యువు సూచనలతో తయారయ్యే ప్రొటీన్ లేకపోతే మైటోకాండ్రియా పొర నిలకడ తప్పి కణం చనిపోతుంది. హాక్స్1లోని కొన్ని మార్పులు మెదడుకూ హాని చేసి మూర్ఛలు తెస్తాయి. కాబట్టి ఏ జన్యువులో ఏ మార్పో తెలియడం బిడ్డ భవిష్యత్తుకు అవసరం.

ఆలస్యం చేయొద్దు

మజ్జను ప్రేరేపించే జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు 1990ల నుంచి ఎక్కువమంది పిల్లలను బతికిస్తున్నాయి. అయితే కొందరిలో జబ్బు లుకేమియాకు దారితీస్తుంది కనుక మజ్జ పరీక్షలు క్రమంగా జరగాలి. పూర్తిగా నయం చేసేది మూలకణాల మార్పిడే.

మేనరికాలు ఇంకా సాగుతున్న తెలుగు ఇళ్లకు ఇది దూరపు కథ కాదు. హాక్స్1 లాంటి లోపాన్ని తల్లీ తండ్రీ ఇద్దరూ మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఎలేన్ మార్పు మాత్రం వంశంలో ఎవరికీ లేకుండా బిడ్డలోనే కొత్తగా రావచ్చు. తల్లిని నిందించడానికి ఏ కారణమూ లేదు.

పసిబిడ్డకు నోటిపుండ్లు, చిగుళ్ల వాపు, చీముగడ్డలు పదేపదే వస్తుంటే రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్ సంఖ్య విడిగా చూడమని డాక్టరును అడగండి. ఎలేన్ లోపంలోనే ఒక రకంలో కణాలు సుమారు 21 రోజులకోసారి పడిపోయి మళ్లీ పెరుగుతాయి. అందుకే ఒక్క పరీక్ష బాగున్నంత మాత్రాన ఊరుకోకూడదు. వారానికి రెండుమూడుసార్లు చొప్పున ఆరు వారాలపాటు లెక్కిస్తేనే ఆ హెచ్చుతగ్గులు బయటపడతాయి. కొరత ఖాయమైతే జన్యుపరీక్ష చేయించాలి. కారణం ఎంత త్వరగా తెలిస్తే, బిడ్డకు సరైన వైద్యం అంత త్వరగా మొదలవుతుంది.