చెరువునకు వచ్చు విహారులు

ఆరు దినములు నాలుగు గోడల నడుమ పనిచేసినవారు ఏడవనాడు ఆకాశమును చూడగోరుట సహజము. హైదరాబాదు, సికింద్రాబాదు వాసులలో అట్టివారికి ఉత్తరముగా సుమారు 25 కిలోమీటర్ల దూరముననున్న శామీర్‌పేట చెరువు మిగుల ప్రియమైన తావు. కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి దాని చెంతనే సాగుచున్నది. మేడ్చలునకు 2023 ఏప్రిల్‌లో ఎమ్.ఎమ్.టి.ఎస్. రైళ్ళును వచ్చినవి. దారి సులభమైనకొలది జనము పెరుగుట వింత గాదు. ఈ అతిథుల విషయమై గ్రామపెద్దలైన మీతో కొంత ముచ్చటింపగోరుచున్నాను.

వారు చూడదగినవి మన ప్రాంతమున పెక్కులు కలవు. జవహర్ జింకల ఉద్యానమున కృష్ణజింకలును నెమళ్ళును ఉన్నవి. చెరువున బుడుబుంగ మునుగుచు తేలుచుండును. నీటికాకి రెక్కలు విప్పి ఎండలో ఆరవేసికొనుచుండును. ఇక రాతిగుట్టలు. పుట్టినది మొదలు చూచుచుండుటచే మనము వానిని లెక్కగొనము గాని, ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు ఈ గుండ్లు సుమారు 250 కోట్ల ఏండ్లనాటి గ్రానైటు రాయి. ఎవరును పేర్చినవి కావు. నెఱ్ఱెలలో నీరు చొచ్చి, ఎండకును వానకును అంచులరిగి, ఉల్లిపొరలవలె పొరలూడి గుండ్రనైనవి. వీనిని కాపాడుటకై హైదరాబాదున 1996లో ఒక సంఘమే వెలసినది. గుట్టను కంకరగా అమ్మినచో ధనము ఒక్కమారే వచ్చును. ఆ పిమ్మట మిగులునది గొయ్యి.

విహారము పట్టణవాసుల క్రొత్త వేడుక యని నవ్వుకొనువారు కొందరు కలరు. కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయు మనకు ఆ నవ్వు తగదు.

అయితే నేను ముఖ్యముగా చెప్పదలచినది నీటిని గూర్చి. పట్టణవాసికి చెరువనగా పరచిన అద్దము. మనకది పనిచేయు సాధనము. కట్ట, తూము, మత్తడి, శిఖము, వీనిలో ప్రతిదానికిని ఒక పనియు ఒక అపాయమును కలవు. శిఖమువైపున నేల వాలుగానుండుటచే మోకాలిలోతు నీట చాల దూరము నడువవచ్చును. ఆ సులువే మోసము. మట్టి త్రవ్విన గుంత మరియొక అడుగు ముందుండును. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో పలు చెరువుల పూడికమట్టి పొలములకు చేరినది, అది మేలే. కాని ఏ చెరువునందైనను త్రవ్విన చోటు నీరు నిండిన పిదప కానరాదు. బురద పాదమును పట్టును, తామరతూండ్లు పిక్కలకు చుట్టుకొనును. తూము తెరచియున్నపుడు దాని నోటికడ నీటిలాగు బలముగానుండును. మత్తడి దుముకునపుడు పాచిపట్టిన రాతిపై నిలువబూనినవాడు జారక మానడు. ఈ గుట్టు నీరడికి తెలియును, పసులకాపరికి తెలియును. తెలియనివాడు ఆదివారమునాడు వచ్చిన యువకుడు.

నా బాల్యమున మా యూరి చెరువులో చుట్టపుచూపుగా వచ్చిన బాలుడొకడు దిగెను. చేతులు పైకెత్తి ఆడుచున్నాడనుకొని గట్టుననున్న మేము నవ్వుచుంటిమి. మునుగువాడు కేకలు వేయలేడని మాకేమి తెలియును? నోరు నీటిపైకి వచ్చు ఆ క్షణము ఊపిరికే చాలదు. పసులకాపరి చూచి, తాను దుముకక, గట్టుననే బోర్ల పరుండి తన కఱ్ఱను అందించి లాగెను. దుమికినవానిని మునుగువాడు మెడపట్టి ఇద్దరును పోవుట కలదు గదా!

2021లో ప్రపంచమంతటను సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయిరని ప్రపంచారోగ్యసంస్థ లెక్క. మన చెరువున అట్లు జరుగకుండ చేయవలసినది చెరువును ఎరిగినవారే. గుంతలున్న చోట నీరడిచే గుర్తుకఱ్ఱలు నాటింపుడు. తెలుగున, ఉర్దూన, ఇంగ్లీషున పలక వ్రాయింపుడు. వచ్చినవారిని కసరినచో పంతముతో దిగుదురు. "నాయనా, అక్కడ గుంత ఉన్నది, ఇటు రండి" అన్నచో వెనుదిరుగుదురు. నేను చూచినంతవరకు ఆ మాట కాదన్నవారు అరుదు.

మునిగినవానిని వెలికితీసినపుడు తలక్రిందుగా త్రిప్పుటయు, కడుపు నొక్కి నీరు కక్కించుటయు మన యూళ్ళలో కలదు. అది మానవలెను, విలువైన కాలము పోవును. వెల్లకిల పరుండబెట్టి, శ్వాస లేనిచో ముక్కు మూసి నోటితో నోట ఊపిరి ఊదవలెను. అటుపై ఱొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి యుంచి, నిమిషమునకు 100 నుండి 120 మార్లు పోవు వేగమున గట్టిగా నొక్కవలెను. ముప్పది నొక్కులకు రెండు ఊపిరులు చొప్పున, సహాయము వచ్చువరకు ఆపరాదు. ఈలోపున మరియొకరు 108కి ఫోను చేయవలెను. గుండె ఆగిన కొద్ది నిమిషములకే మెదడు చెడును; కావున ఈ పని గట్టుననే మొదలుకావలెను.

కట్టమీది చెట్టునకు ఒక పొడుగైన త్రాడును, దాని కొనను మూత బిగించిన ఖాళీ డబ్బాను కట్టియుంచుడు. ఎండకు చీకిన త్రాడు అవసరమునకు తెగును. వానకాలమునకు ముందు ఏటేట లాగి చూడవలెను. బతుకమ్మనాడు మన ఆడపడుచులు నీట దిగు రేవుకడను అట్టిదే మరియొకటి యుండవలెను.