గాలితో చల్లబడే ఆయిలింజను: విప్పక ముందు వేసుకోవలసిన లెక్క



ఆయిలింజను పాతబడింది, పొగ ఎక్కువైంది, ఆయిలు తాగుతోంది అనగానే “ఒకసారి విప్పించేస్తే సరి” అంటారు మనవాళ్ళు. విప్పడం ఒక పూట పని. విప్పినదాన్ని మళ్ళీ కూర్చడం ఎన్నాళ్ళు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో విప్పిన తరువాత గాని తెలియదంటారు. కాని సగానికి సగం సంగతులు స్పానరు పట్టక ముందే తెలుసుకోవచ్చు. ఆ విషయం ఇవాళ ముచ్చటించుకుందాం. నేను చెప్పేది ముఖ్యంగా నీటితో కాక గాలితో చల్లబడే ఒంటి సిలిండరు డీజిలు ఇంజన్లను గురించి.

ఈ రకానికీ నీటి ఇంజనుకూ తేడా ఏమిటంటారా? నీటి ఇంజనులో సిలిండరు చుట్టూ నీళ్ళు తిరిగి వేడిని లాక్కుపోతాయి. గాలి ఇంజనులో ఆ పని ఇనుప రెక్కలు చేస్తాయి. బ్యారెల్‌కూ హెడ్డుకూ చుట్టూ పలచని రెక్కలుంటాయి గదా, వాటి మధ్యగా ఫ్యాను గాలిని తోస్తుంది. ఆ గాలి పక్కదారి పట్టకుండా పైన రేకు తొడుగు ఉంటుంది. నీళ్ళు మరిగే భయం లేదు, రేడియేటరు కారే బాధ లేదు. అయితే ఒక చిక్కుంది. నీటి ఇంజను వేడెక్కితే ఆవిరి కనబడుతుంది. గాలి ఇంజను వేడెక్కితే చూపే గుర్తు ఏదీ ఉండదు. లోపల రింగులు పట్టేసి, బ్యారెల్ వంకర తిరిగిన తరువాతే మనకు తెలుస్తుంది.

ఇది నాసిరకం పద్ధతి అనుకోకండి. జర్మనీ దేశపు పోర్షె కంపెనీ తన 911 రకం వేగపు కార్లకు 1998 వరకు గాలితో చల్లబడే ఇంజన్లే పెట్టింది. అదే పేరుతో 1963 వరకు డీజిలు ట్రాక్టర్లు కూడా వచ్చాయి, అవీ గాలి ఇంజన్లే. ఆ పాత కార్లను ముద్దుగా ఉంచుకున్నవారు ఇంజను కొత్తగా కట్టుకోవాలంటే నెలల తరబడి ముందు లెక్కలు వేసుకుంటారు. వారిది సరదా. కారు ఆరు నెలలు షెడ్డులో పడి ఉన్నా ఎవరి చేనూ ఎండదు. మనకు ఆ వీలు లేదు కనుక మన లెక్క వారికంటె గట్టిగా ఉండాలి.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, ఆషాఢ మాసంలో ఒక రైతు తన ఇంజను చూపించాడు. నారుమడి పోసి పాతిక రోజులైంది. ఇంజను లాగడం లేదు. నేను పెద్ద తెలిసినవాడిలాగా “ఈ రోజే విప్పించండి, మూడు రోజుల్లో అయిపోతుంది” అన్నాను. మెకానిక్కు వచ్చాడు, విప్పాడు. బ్యారెల్ అరిగిపోయి ఉంది. కొత్త బ్యారెల్, పిస్టను తెచ్చి బిగించారు. చేత్తో తిప్పబోతే చక్రం ఒకచోటికి వచ్చి ఠక్కున ఆగిపోయింది. ఎంత తిప్పినా అక్కడే ఆగుతుంది. ఏమయిందంటే, ఆ రకం ఇంజనులో బ్యారెల్ అడుగున పలచని షిమ్ములు ఉంటాయి. పిస్టను పైకి వచ్చినప్పుడు హెడ్డుకు తగలకుండా ఎంత సందు ఉండాలో తేల్చేవి అవే. జిడ్డుకు అవి పాత బ్యారెల్‌కు అంటుకుని దానితోపాటే పాత సామాన్ల బండిలో వెళ్ళిపోయాయి. కొత్తవి పట్నం నుంచి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా నారు ముదిరింది. ముదురు నారు పిలకలు తక్కువ వేస్తుందని మీకు తెలుసు. కుదురుకు నాలుగైదు మొక్కల చొప్పున దగ్గర దగ్గరగా నాటించి కొంత సర్దుకున్నాం గాని, ఆ ఏడు దిగుబడి తగ్గింది. ఆ రైతు నన్నొక్క మాట అనలేదు. అనలేదు కాబట్టే నాకు ఇంకా గుర్తుంది.

కాబట్టి మొదటి మాట, కాలం. రబీ కోతలయ్యాక, వేసవిలో కాలువలు కట్టేసిన రోజులున్నాయే, ఇంజను విప్పడానికి అవే రోజులు. బావుల కింద కూరగాయలున్నవారు మరొక ఇంజను అద్దెకు మాట్లాడుకున్న తరువాతే విప్పాలి.

రెండవది, అసలు విప్పాలా వద్దా? నల్లపొగ వస్తే ఇంజను అరిగిపోయిందని కాదు. గాలి ఫిల్టరు మూసుకుపోయినా, నాజిల్ సరిగా చిమ్మకపోయినా, పంపు మోయలేని బరువు పెట్టినా నల్లపొగే వస్తుంది. నీలిరంగు పొగ వస్తూ, ఆయిలు మాటిమాటికి పోయవలసి వస్తుంటే అప్పుడు రింగుల మీద అనుమానపడాలి. ఎంత ఆయిలు పోశారో, ఎన్ని గంటలు నడిపారో ఒక నెలపాటు పుస్తకంలో రాసి చూడండి. నోటిలెక్క నమ్మవద్దు.

ఇంకొక పరీక్ష ఉంది, డబ్బు ఖర్చు లేనిది. డీజిలు కట్టేసి, డీకంప్రెషను లీవరు కింద పెట్టి, చక్రాన్ని నెమ్మదిగా చేత్తో తిప్పండి. గాలి నొక్కుకునే చోట గట్టిగా ఎదురు తన్నాలి. ఎదురు తన్నకుండా ‘సుయ్’మని జారిపోతే చెవి పెట్టి వినండి. సైలెన్సరులో చప్పుడైతే ఎగ్జాస్టు వాల్వు కారుతోంది. గాలి ఫిల్టరు వైపు అయితే ఇన్లెట్ వాల్వు. క్రాంకు కేసు బ్రీదరులో నుంచి వస్తుంటే రింగులు, బ్యారెల్. వాల్వులే అయితే హెడ్డు ఒక్కటి దింపి వాల్వులు నూరించుకుంటే చాలు, కింది భాగం ముట్టుకోనక్కరలేదు. ఇంజను బాగా వేడెక్కాక ఆయిలు ప్రెషరు పడిపోవడం, కింద ‘డుబ్ డుబ్’మని కొట్టడం ఉంటే మాత్రం బేరింగుల దాకా వెళ్ళక తప్పదు. నాకు తెలిసి సగం మంది హెడ్డు పనితో పోయేదానికి మొత్తం విప్పించుకుంటారు.

ఇక కొలత. హెడ్డు దింపి బ్యారెల్ లోపల వేలితో రాస్తే పైన ఒక గట్టులాగా తగులుతుంది. పై రింగు తిరిగే చోట అరుగుదల ఎక్కువ, దానికి పైన అరగదు, అందుకే ఆ గట్టు. అయితే వేలు కొలబద్ద కాదు. బోరు గేజితో పైన, నడుమ, కింద మూడు చోట్ల, ఒక్కొక్క చోట అడ్డంగా నిలువుగా కొలిపించండి. ఉదాహరణకు కిర్లోస్కర్ టి.ఎ.ఎఫ్.1 అనే గాలి ఇంజను చూడండి. బోరు 87.5 మిల్లీమీటర్లు, పిస్టను నడక 110 మిల్లీమీటర్లు, నిమిషానికి 1500 చుట్ల వద్ద 4.4 కిలోవాట్లు, అంటే సుమారు ఆరు గుర్రాల బలం. ఇంత చిన్న ఇంజనులో మిల్లీమీటరులో పదవ వంతు అరుగుదల కూడా లెక్కలోకి వచ్చేదే. ఎంత వరకు ఓర్చుకోవచ్చునో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి. క్రాంకు రాపిడి చేయించవలసి వస్తే బేరింగు షెల్సు 0.25, 0.50 మిల్లీమీటర్ల తక్కువ సైజుల్లో దొరుకుతాయి. మన మెకానిక్కులు పది సైజు, ఇరవై సైజు అంటారే, అవే. ముందు షెల్సు దొరుకుతాయో లేదో దుకాణంలో అడిగి, ఆ తరువాత క్రాంకును లేతు షాపుకు పంపాలి. ముందు అరగదీయించి తరువాత షెల్సుకు వెతకడం వలన ఇంజన్లు పాకలో పడి ఉన్న ఊళ్ళు చూశాను.

దుకాణానికి వెళ్ళేటప్పుడు ఇంజను మీది పలకపై ఉన్న నంబరు రాసుకుని వెళ్ళండి. ఒకే పేరుతో వచ్చిన ఇంజన్లలో కూడా విడిభాగాలు మారుతుంటాయి. ఖర్చు రాసేటప్పుడు సామానుకు ఎంత, లేతుకు ఎంత, మెకానిక్కు కూలి ఎంత అని వేరువేరుగా రాయండి. మొత్తం మీద నాలుగో వంతు విడిగా పక్కన పెట్టుకోండి. విప్పిన తరువాత ఏదో ఒకటి బయటపడి తీరుతుంది. మొత్తం కలిపి చూస్తే మంచి పాత ఇంజను ఖరీదుకు దగ్గరగా వచ్చిందనుకోండి, అప్పుడు బాగుచేయించడం మానెయ్యడమే తెలివి. పాత ఇంజను మీద మమకారం ఉంటుంది, కాదనను. మమకారం వేరు, లెక్క వేరు.

విప్పే రోజున మీరు దగ్గర ఉండాలి. చేతిలో సెల్‌ఫోను ఉంది గదా, ఒక్కొక్క భాగం ఊడదీసే ముందు ఫొటో తీయండి. బోల్టులు ఒక డబ్బాలో, షిమ్ములు, ప్యాకింగులు మరొక డబ్బాలో. పాత భాగాలన్నీ పని పూర్తయ్యేదాకా మీ ఇంట్లోనే ఉండాలి. హెడ్డు చివరిసారి బిగించే ముందు పిస్టను మీద మెత్తని సీసపు తీగ ముక్క పెట్టి, హెడ్డు బిగించి, చక్రం ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందం కొలిపించండి. పైన ఉన్న సందు అదే. తక్కువైతే పిస్టను తగులుతుంది. షిమ్ములు ఎక్కువ వేస్తే గాలి నొక్కుడు చాలక పొద్దున్నే స్టార్టు కాదు, తెల్లపొగ పోస్తుంది. హెడ్డు నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్కు రెంచితో బిగించాలి. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపుకు వెళితే హెడ్డు ఒరిగి అక్కడే గాలి కారుతుంది.

రెక్కల సంగతి మాత్రం మరువకండి. కొత్త పిస్టను వేయించి, రెక్కల మధ్య పాత మురికి అలాగే వదిలేస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. కారిన ఆయిలుకు నూర్పిడి దుమ్ము, ఊక అంటుకుని గట్టి పొరగా కడుతుంది. కిరసనాయిలులో నానబెట్టి, కుంచెతో, సన్నని పుల్లతో తీయాలి. సుత్తితో కొట్టవద్దు, రెక్క విరిగితే అతకదు. దట్టంగా రంగు పూయవద్దు, వేడి బయటికి పోదు. రేకు తొడుగు స్క్రూలన్నీ ఉన్నాయా, ఫ్యాను బెల్టు పగిలిందా చూడండి. “వేడెక్కుతోంది, గాలి తగలనీ” అని తొడుగు ఊడదీసి నడిపేవారున్నారు. తొడుగు లేకపోతే ఫ్యాను గాలి రెక్కల మధ్యకు వెళ్ళక చుట్టూ చెదిరిపోతుంది, ఇంజను ఇంకా వేడెక్కుతుంది. గోడకు ఆనించి కూడా పెట్టవద్దు, బయటికి తోసిన వేడిగాలినే తిరిగి పీలుస్తుంది.

కూర్చిన తరువాత మొదటి రోజే పూర్తి బరువు పెట్టకండి. అలాగని గంటల తరబడి ఖాళీగా తిప్పినా మంచిది కాదు. రింగులు బ్యారెల్‌తో ఒరుసుకుని కుదురుకోవాలంటే కొంత బరువు కావాలి. కాసేపు ఖాళీగా నడిపి, తరువాత సగం బరువుతో నడుపుతూ, పుస్తకంలో చెప్పిన గంటలకు మొదటి ఆయిలు తీసేసి కొత్తది పోయండి. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత హెడ్డు నట్లు, టాపెట్ సందు మరొకసారి చూపించుకోండి. పని లేక పాకలో పెట్టిన ఇంజనును మళ్ళీ తిప్పబోయే ముందు తొడుగు ఒకసారి తీసి చూడండి, ఎలుకలు అందులో గడ్డి పోగేస్తాయి.