ముద్ర ఉందా... తల భద్రమే!

షిఫ్టు వదిలే వేళ పటాన్‌చెరులో ఎటు చూసినా బైకులే. వాటి పక్కనే 65వ జాతీయ రహదారి మీద లారీలు, కంటైనర్లు. చలానా తప్పించుకోవడానికి కొన్న చవక హెల్మెట్ అక్కడ తలను కాపాడుతుందా?

పైపెంకు గట్టిగా ఉంటే చాలనుకుంటాం. దెబ్బను ఎక్కువగా మింగేది లోపలి థర్మాకోల్ పొర. తాను నలిగి తలను కాపాడుతుంది. ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు. అందుకే ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్ పైకి బాగున్నా మార్చేయాల్సిందే.

2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ముద్రపైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. స్టిక్కరు ఎవరైనా అతికించగలరు కదా! ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. తయారీదారు పేరు కలవకపోతే కొనొద్దు.

ఇక గడ్డం కింద పట్టీ బిగించడం మన చేతుల్లోనే ఉంది. అది వదులైతే తలకన్నా ముందు హెల్మెటే ఎగిరిపోతుంది!