సీల్ తీసినంత మాత్రాన హక్కు పోదు

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును తిప్పి పంపబోతే తరచూ వినపడే మాట ఒకటుంది: "సీల్ తీసేశారు కదండీ, రిటర్న్ కుదరదు." మిక్సీ జారు కారుతున్నా, మోటారు నుంచి కాలిన వాసన వస్తున్నా, ఆ ఒక్క మాటతో మన ఖర్మ అనుకుని ఊరుకునేవాళ్లు బళ్లారిలోనూ ఉన్నారు, ఆలూరులోనూ ఉన్నారు. ఊరుకోనక్కర్లేదు. పెట్టె విప్పినా, ఒకసారి వాడి చూసినా, లోపమున్న వస్తువును వెనక్కిచ్చే హక్కు మనకుంది.

అయితే రెండు సందర్భాలను విడివిడిగా చూడాలి.

మొదటిది మనసు మారడం. చీర ఫొటోలో చూపినట్టే వచ్చింది, ఇంటికొచ్చాక నచ్చలేదు. ఇలాంటప్పుడు తిప్పి పంపే హక్కును మన చట్టం ప్రత్యేకంగా ఇవ్వలేదు. కంపెనీ తన రిటర్న్ పాలసీలో ఇచ్చిన గడువే ఆధారం. ట్యాగు తెంపకూడదు, లోదుస్తులైతే కవరు విప్పకూడదు వంటి షరతులు ఇక్కడ వర్తిస్తాయి. ఐరోపా సమాఖ్య దేశాల్లో పద్ధతి వేరు. ఆన్‌లైన్‌లో కొన్నవారు ఏ కారణమూ చెప్పకుండా 14 రోజుల్లోగా కొనుగోలు రద్దు చేసుకోవచ్చు. పరుపు మీది ప్లాస్టిక్ కవరు తీసేసినా ఆ హక్కు పోదని ఐరోపా న్యాయస్థానం 2019 మార్చిలో తీర్పిచ్చింది.

రెండోది వస్తువులోనే తేడా ఉండడం. ఇక్కడ మన చట్టం గట్టిగా ఉంది. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, వస్తువులో లోపమున్నా, అది నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి చేరినా, అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకోను, డబ్బు తిరిగివ్వను అనకూడదు. చేతిలో లేని కారణాలతో ఆలస్యమైతేనే మినహాయింపు. పేజీలో "నో రిటర్న్" అని రాసుకున్నంత మాత్రాన ఈ బాధ్యత తప్పదు.

దీని వెనకున్న న్యాయం పాతదే. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, ముందుగా చూడని సరుకు చేతికందితే దాన్ని పరీక్షించుకునేందుకు కొన్నవారికి తగిన అవకాశం ఉండాలి. ఆ అవకాశం దొరికేదాకా సరుకును ఒప్పుకున్నట్టు కాదు. మిక్సీలో పప్పు వేసి తిప్పకుండా జారు కారుతుందో లేదో ఎవరికి తెలుస్తుంది? కాబట్టి విప్పి చూడడం తప్పు కాదు. కానీ అదే చట్టం, అభ్యంతరం చెప్పకుండా తగిన సమయం దాటి వస్తువును ఉంచేసుకుంటే ఒప్పుకున్నట్టేనని కూడా అంటుంది. లోపం కనపడిన రోజే రాతపూర్వకంగా చెప్పడం అందుకే ముఖ్యం.

వాడిన వస్తువుల విషయంలోనూ ఒక ఉదాహరణ ఉంది. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, నాణ్యతా ప్రమాణాలకు సరితూగని ప్రెషర్ కుక్కర్ల అమ్మకాలపై అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లకు చెరో లక్ష రూపాయల జరిమానా వేసింది. అమెజాన్‌లో 2,265, ఫ్లిప్‌కార్ట్‌లో 598 కుక్కర్లు అమ్ముడయ్యాయి. కొన్నవారందరికీ విషయం తెలియజేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగివ్వాలని ఆదేశించింది. దీన్ని సవాలు చేస్తూ ఆ కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకెళ్లాయి. పొయ్యి మీదికెక్కిన కుక్కరైనా సరే, వెనక్కి తీసుకోవాలన్నదే ప్రాధికార సంస్థ ఆదేశంలోని సారం.

ఇక మన వైపు నుంచి చేయాల్సింది. పార్శిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో ఒక్క వీడియో తీయండి. ముందు చిరునామా లేబులు, తర్వాత టేపు చెక్కుచెదరలేదన్నది, ఆపైన వస్తువు మీది సీరియల్ నంబరు, వరుసగా కనపడాలి. వీడియో తప్పనిసరని చట్టంలో లేదు గానీ, ఖాళీ పెట్టె వచ్చిందన్న తగవులో అంతకు మించిన సాక్ష్యం దొరకదు. అమ్మకం పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తర్వాత అందులోని వివరాలు మార్చేయవచ్చు. డెలివరీ మనిషి ముందే పెట్టె విప్పి చూసే ఓపెన్ బాక్స్ డెలివరీ అయితే, వస్తువును చూసుకున్నాకే ఓటీపీ చెప్పండి.

ఫిర్యాదు ముందు కంపెనీకే. ప్రతి ఈ-కామర్స్ సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ తెగకపోతే 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అయితే అది రాజీ కుదిర్చే వేదికే. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. వకీలును పెట్టుకోకుండా స్వయంగా వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

ఏ జిల్లా కమిషన్ అన్నది మన సరిహద్దు ప్రాంతంలో మొదట వచ్చే సందేహం. 1953 అక్టోబరు 1న ఈ ప్రాంతాన్ని రెండు రాష్ట్రాలకు పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. రాకపోకలు మాత్రం ఈనాటికీ ఆగలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కేంద్ర చట్టం కాబట్టి గీతకు అటూ ఇటూ ఒకేలా వర్తిస్తుంది. కొన్నవారు నివసించే చోటే కాదు, పనిచేసే చోట కూడా కేసు వేయవచ్చంటుంది. రాయదుర్గంలో ఇల్లుండి బళ్లారిలో ఉద్యోగం చేసేవారు అనంతపురానికైనా వెళ్లవచ్చు, బళ్లారి కమిషన్‌కైనా వెళ్లవచ్చు. కంపెనీ ఆఫీసు ఎంత దూరంలో ఉన్నా మనం అక్కడిదాకా తిరగనక్కర్లేదు.

హక్కుతో పాటు నిజాయితీ కూడా ఉండాలి. బళ్లారిలో, రాయదుర్గంలో జీన్స్ కుట్టు మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. పెళ్లికి తొడుక్కుని, ట్యాగు మళ్లీ తగిలించి తిప్పి పంపిన ప్యాంటు నష్టం చివరికి అలాంటి చిన్న యూనిట్ల మీదే పడుతుంది. పైగా ఇలాంటి మోసాలను సాకుగా చూపించి కంపెనీలు నిజంగా నష్టపోయినవారిని కూడా అనుమానిస్తాయి.

ఎనిమిది వందల రూపాయల వస్తువు కోసం ఇంత తంటా ఎందుకనిపించడం సహజం. కానీ లోపమున్న సరుకు అమ్మేవారికి మన విసుగే లాభం. ఫిర్యాదు ఖర్చు లేనిది, కాగితాలు మన ఫోన్‌లోనే ఉంటాయి, చట్టం మన పక్షాన ఉంది. కాదన్నప్పుడల్లా ఆ కారణాన్ని రాతలో ఇమ్మని అడగండి, ఆ రాతే మీ కేసుకు మొదటి కాగితం అవుతుంది.