చాల్ కూలాక మిగలవలసింది

తెలుగు నేల నుంచి ముంబయి చూడబోయేవాళ్లు దాదర్‌లో రైలు మారడం మామూలే. పశ్చిమ, మధ్య రైల్వేల లోకల్ లైన్లు కలిసే స్టేషను అది. అక్కడి నుంచి సిద్ధివినాయకుడి గుడికో, మహాలక్ష్మికో, గేట్‌వే ఆఫ్ ఇండియాకో వెళ్లిపోతారు. ఆ స్టేషనుకు తూర్పు వైపున ఆంధ్ర మహాసభ, జింఖానా ఉందనీ, పడమరగా వర్లీలో తరాల తరబడి తెలుగు కుటుంబాలు కాపురమున్న, ఉమ్మడి నడవ మీద వరస గదులుండే చాళ్లు ఉన్నాయనీ, దక్షిణాన కామాటిపురాకు ఆ పేరు తెలుగు కూలీల వల్లే వచ్చిందనీ తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు కూడా, ఇంత మరాఠీ నగరంలో తెలుగు ఇన్నాళ్లు బతికిందంటే అది మనవాళ్ల భాషాభిమానమే అని సరిపెట్టుకుంటారు. అభిమానం ఉన్నమాట నిజమే. కానీ అభిమానానికి కూర్చోవడానికి చోటు కావాలి. ముంబయిలో తెలుగును నిలబెట్టింది పదిమంది కలిసే జాగా: చాల్ నడవ, గల్లీ చివరి గుడి, సంఘం గది, బడి. ఇప్పుడు చాళ్లు కూలి టవర్లు లేస్తున్నాయి. గదికి బదులు ఫ్లాటు ఇచ్చే లెక్క అందరూ వేస్తున్నారు. నడవకు బదులు ఏమిస్తారన్న లెక్క వేయవలసి ఉంది.

అసలు ఈ నగరపు నేలే కష్టపడి చేసుకున్నది. ఏడు దీవుల మధ్య పోటు వచ్చినప్పుడల్లా సముద్రం పారే పల్లాలుండేవి. వర్లీ దగ్గరి గండిని 1784 నాటికి హార్న్‌బీ కట్టతో మూసిన తర్వాతే లోపలి భూములు మెల్లగా ఆరి నివాసయోగ్యమయ్యాయి. అలా తేరిన పల్లపు నేలల్లో ఒకటి కామాటిపురా. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల వాళ్లు మట్టిపనికి, రాతిపనికి వచ్చి అక్కడ గుడిసెలు వేసుకున్నారు. వాళ్లను కామాటీలన్నారు. 1909లో వచ్చిన బొంబాయి గెజిటీరు కూడా ఆ పేటకు పేరు వాళ్ల నుంచే వచ్చిందని రాసింది. 1854లో మొదటి నూలు మిల్లు కంపెనీ పుట్టాక మరో తెలుగు వరస మొదలైంది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పల్లెల్లో మగ్గం నడవని పద్మశాలీలు మిల్లుల్లో సాంచాల (మరమగ్గాల) మీదికి వచ్చారు. ఆ తర్వాత కరువు తరిమిన పాలమూరు జనం గుంపు మేస్త్రీల వెంట వచ్చారు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని తెలంగాణ తన వలస బతుకును మూడు మాటల్లో చెప్పుకుంటుంది. అందులో మొదటిది ఇదే.

వచ్చినవాళ్లకు దొరికిన ఇల్లు చాల్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కరువు ముదిరితే, 1920ల్లో ప్రభుత్వమే బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ పేరిట వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్డు, శివడీల్లో 207 భవనాలు కట్టింది. వాటినే ఇవాళ్టికీ బీడీడీ చాళ్లంటారు. ఒక్కో భవనంలో నేల అంతస్తుతో కలిపి నాలుగు అంతస్తులు, ఎనభై గదులు. గది సుమారు 160 చదరపు అడుగులు. మరుగుదొడ్లు అంతస్తంతటికీ ఉమ్మడి. ఖోలీ అనే ఈ ఒక్క గదిలో ఒకే ఊరి మగవాళ్లు అరడజను మంది కూడా సర్దుకునేవారు. పగటి షిఫ్టు వాళ్లు వచ్చే వేళకు రాత్రి షిఫ్టు వాళ్లు పక్క ఎత్తేవారు. సంసారమున్న ఇల్లాలు వీళ్లకు అన్నం వండిపెట్టి నెలకింత తీసుకుంటే అది ఖానావళి. నెలనెలా తలా ఇంత వేసి వంతులవారీగా ఎత్తుకుంటే అది చిట్టీ, ముంబయి మాటలో భీషీ. కొత్తగా దిగినవాడికి పని చెప్పించేదీ, జబ్బుచేస్తే ఊరికి కబురు పంపేదీ ఆ నడవలోని మనుషులే. ఇదంతా మంచితనం మీద నడిచిందనుకుంటే పొరపాటు. ఒకరి అవసరం ఇంకొకరి కళ్లెదుట ఉండటం వల్ల నడిచింది.

తీరపు వాతావరణం ఈ నడవకు మరింత విలువ తెచ్చింది. హైదరాబాద్‌లో ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్ల అటూఇటూ వాన పడితే, ముంబయిలో రెండు వేలు దాటుతుంది. అందులో దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. తెలంగాణ పల్లెలో వాకిలి చేసే పనిని ఇక్కడ నాలుగు నెలలపాటు నడవే చేయాలి: బట్టలారేయడం, పిల్లల ఆట, పెద్దల పంచాయితీ, పెళ్లి మాటలు. వాన తెరిపిచ్చే వేళకు పండుగలు మొదలవుతాయి. శ్రావణ పున్నమి నాడు కోలీ జాలర్లు సముద్రానికి కొబ్బరికాయ సమర్పించి పడవలు దింపుతారు. అదే రోజు పద్మశాలీలు జంధ్యం మార్చుకుని మార్కండేయుణ్ణి కొలుస్తారు. ఒకే పున్నమి, ఒకరిది వల, ఒకరిది నూలు. బతుకమ్మకు కావలసిన తంగేడు మెట్టనేలల పువ్వు. ఈ తీరంలో దొరకడం కష్టం. దాదర్ పూలబజారు నుంచి తెచ్చిన బంతి, చామంతులతోనే పేర్చుకుంటారు.

ఈ చాళ్ల మనుషులు తమలో తాము ముడుచుకుపోయారా అంటే, లేదనడానికి గట్టి సాక్ష్యాలే ఉన్నాయి. 1873లో జోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు, బొంబాయిలో దానికి అండగా నిలిచినవాళ్లలో తెలుగు కాంట్రాక్టర్లు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వెంకూ బాలూ కాళేవార్ వంటి పేర్లు మహారాష్ట్ర సంఘసంస్కరణ చరిత్రలో కనిపిస్తాయి, తెలుగు పాఠ్యపుస్తకాల్లో మాత్రం వాటి జాడ లేకపోవడం బాధాకరం. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న ముందుగా విడుదలైంది బొంబాయి కృష్ణా సినిమా హాలులోనే. టిక్కెట్టు కొనే తెలుగు జనం ఊళ్లో లేకపోతే అలా జరిగేది కాదు. నగర కార్పొరేషన్ బడులు నడిపిన ఎనిమిది భాషల్లో తెలుగు ఒకటి. వడాలాలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాల వెలిసింది. ఒక ఖోలీలో మొదలైన కలయిక సంఘమైంది, బడైంది.

చాల్ బతుకును పొగడటం తేలికేనని, అందులో ఉన్నవాళ్లను అడిగి చూడమని ఎవరైనా అంటే ఆ మాటలో న్యాయముంది. తెల్లారకముందే నీళ్ల కోసం వరస కట్టింది ఆడవాళ్లు. నడవ చివరి దొడ్డికి రాత్రిపూట భయపడుతూ వెళ్లింది ఆడవాళ్లే. 160 చదరపు అడుగుల్లో ఒక ఆడపిల్ల చదువుకోవడానికి మూల దొరకదు. 1896 ప్లేగు ఇలాంటి ఇరుకు ఇళ్లనే ముందు కబళించింది. 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టి, దాదర్, మాటుంగా ప్రాంతాలను విశాలమైన వీధులతో వేసిందీ ఆ దెబ్బకే. కాబట్టి పాత గోడలు కాపాడమని ఎవరూ కోరనక్కర్లేదు. పునర్నిర్మాణంలో ఇచ్చే 500 చదరపు అడుగుల ఇల్లు, సొంత దొడ్డి చాల్ కుటుంబాలకు ఎప్పుడో దక్కాల్సిన హక్కు. గది ఇరుకు వేరు, నడవ కలుపుగోలుతనం వేరు. మొదటిదాన్ని పోగొట్టడానికి రెండోది పోవాలన్న నియమమేదీ లేదు. ప్రతి అంతస్తులో కూర్చునే చోటు, నేల అంతస్తులో సంఘం గది, అద్దె భారం లేని పఠనాలయం నక్షాలోనే గీయవచ్చు. టవర్ వచ్చాక మెయింటెనెన్స్ ఖర్చు నెలనెలా మీద పడుతుంది. ఆ భారం మోయలేక ఫ్లాటు అమ్ముకుని దూర శివార్లకు పోతే జనమే చెదిరిపోతారు. 1982 జనవరిలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు మొదలుపెట్టిన సమ్మె విఫలమై మిల్లులు మూతపడినప్పుడు ఇదే జరిగింది. భివండి, సూరత్ సాంచాల దారి పట్టినవాళ్లు, ఊళ్లకే తిరిగిపోయినవాళ్లు ఎందరో.

ఇంకా బరువైన అభ్యంతరం కులానిది. మనం మురిసిపోయే సంఘాల్లో ఎక్కువ భాగం కుల సంఘాలే. పద్మశాలీ గుడి పద్మశాలీలది, మున్నూరు కాపు సమాజం వాళ్లది. ఊరి గీతలే నడవలోకి వచ్చాయి. దళితులైన తెలుగువాళ్లు తమ కూడలిని వేరే వెతుక్కున్నారు. 1956లో అంబేద్కర్ అంత్యక్రియలు జరిగిన దాదర్ తీరాన చైత్యభూమి ఉంది. ఏటా డిసెంబరు 6న లక్షలాది మంది అక్కడికి చేరుతారు, తెలంగాణ నుంచి కూడా. కొత్త భవనాల్లో కులానికొక గది అడిగితే పాత గీతను సిమెంటుతో మళ్లీ గీసినట్టే. అడగవలసింది అందరి తెలుగుకూ ఒక చోటు. ఆంధ్ర మహాసభ లాంటి భాషా సంస్థలకు ఈ విషయంలో ఎక్కువ బాధ్యత ఉంది.

కామాటిపురా సంగతి మరీ సున్నితం. బ్రిటిష్ పోలీసుల కాలంలో వేశ్యావాటికగా స్థిరపడ్డ ఆ పేట పేరు చెబితే దేశమంతా ఒకటే గుర్తు తెచ్చుకుంటుంది. 2022లో ఆ పేట నేపథ్యంగా తీసిన ‘గంగూబాయి కాఠియావాడి’ సినిమా విడుదలవుతున్నప్పుడు అక్కడి నివాసులు అభ్యంతరం చెప్పారు, ఎమ్మెల్యే అమీన్ పటేల్ హైకోర్టుకు వెళ్లారు. పేరు మార్చితే మచ్చ పోతుందని అనేవాళ్ల బాధ అర్థమయ్యేదే, ముఖ్యంగా పిల్లలకు పెళ్లిళ్లు, ఉద్యోగాలు చూసుకునే కుటుంబాలది. అయినా ఆ పేరు తీసేస్తే మచ్చ కంటే ముందు పోయేది నగరాన్ని కట్టిన కూలీల గుర్తు. అక్కడ బతుకు వెళ్లదీసిన స్త్రీలు కూడా ఆ గల్లీల మనుషులే. వాళ్లను మచ్చ అనే హక్కు మనకు లేదు. ఆ పేటకు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా సామూహిక పునర్నిర్మాణ పథకం సిద్ధమవుతోంది. అందులో పేరు ఉంచాలి, ఆ పేరు ఎలా వచ్చిందో మరాఠీలోనూ తెలుగులోనూ రాసిన పలక పెట్టాలి, అద్దెదారులైన స్త్రీలకు కూడా ఇల్లు దక్కాలి.

పిల్లలు మరాఠీ, హిందీ, ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటున్నప్పుడు తెలుగు గదిలో కూర్చునేదెవరని చివరగా అడుగుతారు. తెలుగు మాధ్యమం బడుల్లో పిల్లలు తగ్గుతూ వచ్చిన మాట వాస్తవం, బతుకుతెరువు అటే లాగుతుంది గనుక తల్లిదండ్రులను తప్పుపట్టలేం. అయితే ఆ పిల్లలే దసరాకు అమ్మమ్మతో బతుకమ్మ దగ్గర చేరుతున్నారు, కరీంనగర్ రైలు ఎక్కి పెళ్లికి పోతున్నారు, ఇంట్లో పెద్దల తెలుగు వింటున్నారు. అక్షరాలు రానివాళ్లకు సాయంత్రం గంటసేపు నేర్పే గది ఉంటే కొందరైనా వస్తారు. వర్లీలో కొత్త ఇళ్ల తాళాలు 2025 ఆగస్టు నుంచి చేతికందుతున్నాయి. ఇంకా నక్షా దశలోనే ఉన్న చాళ్ల సొసైటీలు ఆ గదిని ఒప్పందంలో రాయించుకోవడానికి ఇప్పుడే సమయం. కట్టడం లేచాక ఏ బిల్డరూ ఒక గది వెనక్కి ఇవ్వడు.