పాత ఆటకు పాత లోకం: కొత్త కంప్యూటర్లలో నిన్నటి ఆటలు నడిచే తీరు

డిస్కులో భద్రపరచిన అంకెల వరుసగా చూస్తే కంప్యూటర్ ఆట కాలంతో పాటు అరిగిపోయే వస్తువు కాదు. 1990లో వెలువడిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ డాస్ రూపాన్ని ఈనాటి కంప్యూటర్‌లోకి నకలు చేసుకుంటే అందులో ఒక్క బిట్ కూడా మారదు. అయినా 64 బిట్ల విండోస్‌లో దాన్ని తెరవబోతే, ఈ ప్రోగ్రామ్ ఈ కంప్యూటర్‌లో నడవదన్న సందేశం తప్ప ఆట కనిపించదు. చెక్కుచెదరని ఆట ఆడలేనిదిగా మారడానికి కారణం ఆటలో కాక దాని పరిసరాలలో ఉంది. ఆదేశాలను అమలు చేసే ప్రాసెసర్ ఎలా ఉంటుందో, యంత్రాన్ని పర్యవేక్షించే ఆపరేటింగ్ సిస్టమ్ ఏమేమి అనుమతిస్తుందో, తెర, ధ్వని, గడియారం వంటి పరికరాలు ఎక్కడ అందుబాటులో ఉంటాయో ముందే ఊహించుకుని రచయితలు ప్రోగ్రామును రాస్తారు. ఆ ఊహలలో ఏ ఒక్కటి తప్పినా ప్రోగ్రాము నిలిచిపోతుంది.

డాస్ కాలపు ఆటలలో ఈ ఊహలు మరీ లోతుగా పాతుకుపోయి ఉన్నాయి. 1981లో ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌లో 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో, అంటే సెకనుకు దాదాపు 47.7 లక్షల గడియార స్పందనలతో పనిచేసే ఇంటెల్ 8088 ప్రాసెసర్ ఉండేది; అది చూడగలిగిన మెమరీ ఒక మెగాబైట్ కాగా, అందులో ప్రోగ్రాములకు దక్కింది 640 కిలోబైట్లు. ఆ యంత్రంపై నడిచిన డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఒక సమయంలో ఒకే ప్రోగ్రామును నడిపి, యంత్రం మొత్తాన్నీ దాని చేతికి అప్పగించేది. ఆటల రచయితలు ఈ స్వేచ్ఛను పూర్తిగా వాడుకున్నారు. 1987లో వచ్చిన వీజీఏ అనే చిత్ర ప్రమాణంలో అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలతో 256 రంగుల బొమ్మను చూపే వీలుండగా, చుక్కకు ఒక బైటు చొప్పున 64,000 బైట్లను ఆటలు ఎవరి అనుమతీ అడగకుండా నేరుగా తెర మెమరీలో రాసేవి. సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డుతోనూ అలాగే నేరుగా మాట్లాడి సంగీతం పలికించేవి. అనేక ప్రోగ్రాములు ఒకేసారి నడిచే ఈనాటి వ్యవస్థలో ఒక ప్రోగ్రాము పొరపాటు మరొకదాన్ని చెడగొట్టకుండా ఉండాలి కనుక, పరికరాలను నేరుగా తాకే హక్కును ఆపరేటింగ్ సిస్టమ్ తన దగ్గరే ఉంచుకుంటుంది.

వేగం పెరగడం కూడా ఒక ఆటంకమేనన్నది ఈ విషయంలో అన్నింటికంటే విచిత్రమైన అంశం. తొలినాటి ఆటలలో కొన్ని, రెండు కదలికల నడుమ వ్యవధి కోసం గడియారాన్ని చూడడానికి బదులు ప్రాసెసర్ చేత ఏ పనీ లేని ఆవృత్తులను నిర్ణీత సంఖ్యలో తిప్పించేవి. ప్రాసెసర్ వేగం పదింతలైతే ఆటలోని శత్రువులు కూడా పదింతల వేగంతో పరుగెత్తేవారు. అప్పటి కంప్యూటర్ పెట్టెలపై కనిపించిన ‘టర్బో’ మీట పేరుకు వేగాన్ని సూచించినా, దాని అసలు ప్రయోజనం అవసరమైనప్పుడు యంత్రాన్ని నెమ్మదింపజేయడమే. టర్బో పాస్కల్ భాషలో రాసిన ప్రోగ్రాములకు ఎదురైన ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ ఇందుకు మరింత స్పష్టమైన ఉదాహరణ. ఆ భాషతో వచ్చిన ఒక సహాయక భాగం, ప్రోగ్రాము మొదలవుతూనే, గడియారపు ఒక టిక్కులో, అంటే సుమారు 55 మిల్లీసెకన్లలో, ఖాళీ ఆవృత్తులు ఎన్ని పూర్తవుతాయో లెక్కించి, ఆ సంఖ్యను 55తో భాగించి, మిల్లీసెకనుకు ఎన్నో నిర్ణయించుకునేది. భాగఫలం 16 బిట్లలో, అంటే 65,535కు మించకుండా, ఇమడాలి. ప్రాసెసర్ల వేగం 200 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి చేరేసరికి ఆవృత్తుల లెక్క 36 లక్షలు దాటి, భాగఫలం ఆ పరిమితిలో పట్టక, ప్రోగ్రాము ఆరంభంలోనే ఆగిపోయేది. యంత్రం నెమ్మదిగా ఉంటుందన్నది ఎవరూ కాగితం మీద పెట్టని నిబంధన. అది కాస్తా తప్పింది.

ప్రాసెసర్ల నిర్మాణంలో వచ్చిన మార్పు మరొక తలుపు మూసింది. 1985 నాటి ఇంటెల్ 80386లో, పాత 8086 ప్రాసెసర్ ఉన్నట్టు ప్రోగ్రామును భ్రమింపజేసే ప్రత్యేక స్థితి ఒకటి ఉండేది. విండోస్ దాని ఆసరాతోనే డాస్ ఆటలను ఒక కిటికీలో నడపగలిగింది. 2003లో ఏఎండీ సంస్థ తెచ్చిన 64 బిట్ల నిర్మాణంలో, ప్రాసెసర్ పూర్తి 64 బిట్ల పద్ధతిలో పనిచేస్తున్నంతసేపూ ఆ భ్రమాస్థితి అందుబాటులో ఉండదు. అందుచేత 64 బిట్ల విండోస్ నుంచి డాస్‌ను నడిపే భాగాన్ని తొలగించారు. 2021లో వచ్చిన విండోస్ 11 కేవలం 64 బిట్ల రూపంలోనే లభిస్తున్నందున పాత దారి పూర్తిగా మూసుకుపోయింది. ఆపిల్ కూడా 2019 నాటి మ్యాక్ ఓఎస్ కాటలీనాతో 32 బిట్ల ప్రోగ్రాములకు స్వస్తి చెప్పింది. విండోస్ ఎక్స్‌పీ వాడినవారికి సుపరిచితమైన ‘స్పేస్ క్యాడెట్’ పిన్‌బాల్ ఆటదీ ఇటువంటి కథే: దాన్ని 64 బిట్లకు మార్చినప్పుడు ఢీకొనడాన్ని గుర్తించే లెక్కలు తప్పి బంతి ఇతర వస్తువుల గుండా దూసుకుపోయేదని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ వివరించారు. లోపం ఎక్కడుందో అంతు చిక్కక ఆటనే వదిలివేశారు.

ఇన్ని అడ్డంకులున్నా పాత ఆటలను నడిపే మార్గాలు ప్రధానంగా నాలుగు ఉన్నాయి. మొదటిది ఎమ్యులేషన్, అంటే ఒక యంత్రాన్ని మరొక యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో పునర్నిర్మించడం. 2002లో తొలిసారి విడుదలైన డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము పాత ప్రాసెసర్‌ను, వీజీఏ తెరను, సౌండ్ బ్లాస్టర్‌ను, గడియారాన్ని, చివరికి డాస్‌ను కూడా తనలో అనుకరిస్తుంది. ఆట తెర మెమరీ అనుకుని రాసే బైట్లు నిజానికి డాస్‌బాక్స్ కేటాయించిన మామూలు మెమరీలోకి చేరగా, దాన్ని అది ఎప్పటికప్పుడు చదివి కొత్త తెరపై బొమ్మగా గీస్తుంది. మిల్లీసెకనుకు ఎన్ని ఆదేశాలు అమలు కావాలో నిర్ణయించే ‘సైకిల్స్’ అనే అమరిక ఇందులో కీలకమైనది. దాన్ని 3,000 దగ్గర ఉంచితే సెకనుకు 30 లక్షల ఆదేశాలు మాత్రమే నడుస్తాయి కనుక శత్రువులు తిరిగి తమ పూర్వపు నడకకు వస్తారు. బొమ్మ ఆకారాన్ని కూడా సరిదిద్దుకోవలసి ఉంటుంది: 320, 200 చుక్కల బొమ్మ ఆనాటి 4:3 నిష్పత్తి గల తెరపై నిలువుగా సాగి కనిపించేది కనుక, ఆ సవరణ లేకుంటే కొత్త తెరపై వృత్తాలు అణిగి, మనుషులు పొట్టిగా కనిపిస్తారు.

రెండవ మార్గం యంత్రాన్ని వదిలి, ఆటను నడిపిన ఇంజిన్‌ను మాత్రమే తిరిగి రాయడం. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ 1987లో ‘మానియాక్ మాన్షన్’ కోసం స్కమ్ అనే వ్యవస్థను రూపొందించి, కథను, సంభాషణలను, పాత్రల కదలికలను ఏ ప్రాసెసర్‌కూ చెందని సొంత ఆదేశ భాషలో రాసింది. స్వరలిపిలో ఉన్న కీర్తనను ఆ లిపి తెలిసిన ఏ గాయకుడైనా పాడగలిగినట్టే, ఆ ఆదేశాలను అర్థం చేసుకునే ఏ ప్రోగ్రామైనా ఆ ఆటను నడపగలదు. 2001లో మొదలైన స్కమ్‌వీఎం చేస్తున్నది అదే. అందువల్ల ఆ ఆటలు చేతి ఫోన్లలో కూడా నడుస్తున్నాయి.

మూడవది అనువాద మార్గం. విండోస్ ఆటలు కిటికీ తెరవమని, బొమ్మ గీయమని, ఫైలు చదవమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్ణీత పిలుపులతో అడుగుతాయి. 1993లో ఆరంభమైన వైన్ అనే ప్రోగ్రాము ఆ పిలుపులను లినక్స్‌కు తెలిసిన పిలుపులుగా మారుస్తూ, ఇద్దరి నడుమ నిలిచిన దుబాసీ వలె వ్యవహరిస్తుంది. ఆట ఆదేశాలు అసలు ప్రాసెసర్‌పైనే నేరుగా నడుస్తాయి కనుక ఎమ్యులేషన్‌లో ఉండే అదనపు భారం ఇందులో ఉండదు. వాల్వ్ సంస్థ 2018లో దీని ఆధారంగానే, ఇదే పని చేసే ప్రోటాన్‌ను తెచ్చింది. నాలుగవది మూలకోడ్, అంటే రచయితలు రాసిన అసలు పాఠం, దొరికినప్పుడు మాత్రమే సాధ్యమయ్యే మార్గం. 1993 నాటి ‘డూమ్’ మూలకోడ్‌ను ఇడ్ సాఫ్ట్‌వేర్ 1997 డిసెంబరులో బహిరంగపరచిన తరువాత, ఔత్సాహికులు దాన్ని లెక్కలేనన్ని యంత్రాలకు అనువుగా తిరగరాశారు.

అయితే విడుదలైన ఆటలలో మూలకోడ్ బయటికి వచ్చినవి కొన్నే. హక్కుదారులు మారిపోయి, అంగళ్ల నుంచి మాయమైనవి ఎక్కువ. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటలలో 87 శాతం ఈనాడు వాణిజ్యపరంగా లభించడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనంలో తేల్చింది. ఈ లోటులో కొంత భాగాన్ని, పాత ఆటలను డాస్‌బాక్స్‌తో జతచేసి 2008 నుంచి అమ్ముతున్న పోలండ్ సంస్థ జీఓజీ, 2015 జనవరిలో సుమారు 2,400 డాస్ ఆటలను బ్రౌజర్‌లోనే ఆడే వీలు కల్పించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ పూడ్చాయి.

ఫైలును భద్రపరచడం, దాన్ని వాడుకోదగినదిగా భద్రపరచడం రెండూ ఒకటి కావన్నది ఈ నాలుగు మార్గాలూ చెప్పే పాఠం. యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీ కేంద్రాలలో కూర్చిన తెలుగు పుస్తకాల ఫైళ్లకూ ఇది వర్తిస్తుంది. అప్పటి ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. సెకనుకు వందల కోట్ల స్పందనలు గల ఈనాటి ప్రాసెసర్, పాత ఆటను నడిపేటప్పుడు తన శక్తిలో ఒక భాగాన్ని ఆనాటి చిన్న యంత్రపు పరిమితులను పొల్లుపోకుండా పాటించడానికే వెచ్చిస్తుంది. ఆట తిరిగి ఆడదగినది కావడానికి ఆ పరిమితులు కూడా ఆటలో భాగంగా భద్రం కావలసి ఉంటుంది.