కాగితపు తెలుపు – తెరపై దాని పరీక్ష

2004లో ధర్మపురి నుండి వేరుపడిన కృష్ణగిరి జిల్లాలో, హోసూరు మొదలగు చోట్ల, తెలుగు కుటుంబములలో పాత పెండ్లి ఫొటోలును, బడిపిల్లల గ్రూపు ఫొటోలును నేటికిని కలవు. అవి చెడకముందే కంప్యూటరు కెక్కించి గ్రంథములలో అచ్చువేయుట మేలు. కాని తెరపై వెలిగిన చిత్రము అచ్చులో మసకబారుట పలువురి అనుభవము. దీనికి ముఖ్యకారణము తెలుపునందే కలదు.

తెరపై తెలుపు దీపకాంతి. అచ్చులో సాధారణముగా తెల్లసిరా యుండదు. సిరా పడని చోట కాగితమే తెలుపగును. దక్షిణ పినాకినిపై కట్టిన కృష్ణగిరి ఆనకట్ట నురుగు ఎంత తెల్లనిదైనను, దాని చిత్రము కాగితమును మించి తెల్లబడజాలదు. అట్లే ఈ ప్రాంతపు నల్లరాయి చిత్రము సిరాను మించి నల్లబడజాలదు.

కాగితముపై సిరారంగులను పరికరముతో కొలిచి వ్రాసిన పట్టికయే ప్రొఫైలు. 1993లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియము దీనికి ఏకరూపము నొసగెను. దీని సాయమున అచ్చురూపమును ముందే తెరపై చూచుట సాఫ్ట్ ప్రూఫ్ అనబడును. సామాన్యముగా అందు తెర తెలుపే కాగితపు తెలుపుగా గ్రహింపబడును. ఫొటోషాపులో కాగితపు రంగును చూపు అంశమును ఎన్నుకొనిన, తెర తెలుపు కొలచిన కాగితపు ఛాయకు తగ్గును; సిరా నలుపును యథాతథముగా కనబడును.

అప్పుడు చిత్రము ఒక్కసారిగా వెలవెలబోవును. చుట్టునున్న మెనూల ప్రకాశమునకు కన్ను అలవాటుపడి యుండుటయే ఇందుకు హేతువు. కావున మెనూలను మరుగుపరచి, తెర వెలుగు తగ్గించి, కొంతసేపు కన్ను కుదుటపడిన పిదప చూడవలెను. అసలు కాగితమును 5000 కెల్విన్ వెలుగులో ప్రక్కన నుంచుకొనుట ఉత్తమము. కాగితమున మెరుపుద్రవ్యములున్నచో, అతినీలలోహిత కిరణములు లేని దీపము క్రింద దాని నీలిఛాయ తగ్గును. అప్పుడు ప్రొఫైలు చూపు తెలుపు కంటికి సరిపడదు.

పాత ఫొటోల విషయమున ఈ పరీక్ష మరింత అవసరము. పసుపుబారిన ఫొటోను ఉన్నదున్నట్లు స్కాను చేసి, పసుపుఛాయగల కాగితముపై అచ్చువేసిన, పసుపు రెండింతలగును. సామాన్య ప్రూఫులో ఈ దోషము కనబడదు. కాగితపు తెలుపును చూపిన ప్రూఫులో బయటపడును. మసకకు వెరచి చిత్రమును మితిమీరి వెలిగించిన, పంచె మడతలును ముగ్గు గీతలును మాసిపోవును. పోయిన గీతలను ఏ కాగితమును తిరిగి తేజాలదు. స్కాను చేసిన మూలప్రతిని మార్చక భద్రపరచి, వేరొక ప్రతియందే దిద్దుబాటు చేయుట శ్రేయస్కరము.